దొనకొండ ఠేషను – ఒక ఇనుపముక్క



మా మార్టూరుకు రైలు లేదు. జాతీయ రహదారి ఊరిని ఆనుకొని పోతుంది. పత్తిబోరేలు, మిరపటిక్కీలు, ఇటీవలి దశాబ్దాలలో గ్రానైటు పలకలు, అన్నీ లారీలమీదనే సాగిపోతాయి. రైలెక్కాలంటే తూర్పున చీరాలకో బాపట్లకో పోవాలి. కాదంటే ఉత్తరాన నరసరావుపేటకు పోవాలి. చీరాలలో ఆగేది మద్రాసు–విజయవాడ పెద్దలైను బండి. నరసరావుపేటలో ఆగేది గుంటూరు–గుంతకల్లు లైను బండి. నా బాల్యంలో ఇది మీటరుగేజి. రెండు పట్టాల నడుమ వెడల్పు సరిగ్గా 1000 మిల్లీమీటర్లు. పెద్దలైనుకు 1676.

రైలు లేని ఊరివాడినే అయినా, నా ముప్ఫైమూడేళ్ళ ఉపాధ్యాయ జీవితం రైలుపట్టా చప్పుడుతోనే గడిచింది. నేను పనిచేసిన బడిలో గంట అంటే కంచుగంట కాదు. వేపచెట్టు కొమ్మకు తీగతో వ్రేలాడదీసిన మూరెడు పట్టాముక్క. దానిని ఇనుపకడ్డీతో కొడితే పొలాలలో ఉన్నవారికి కూడ వినిపించేది. మన పల్లెల్లో చదువుకున్నవారికి ఈ వర్ణన అక్కరలేదు. ఆ మ్రోత మీ చెవులలోనూ ఉండే ఉంటుంది.

ఆ ముక్క ప్రక్కభాగాన పొంగెత్తిన ఇంగ్లీషు అక్షరాలు, వాటి వెంట ఒక సంవత్సరం ఉండేవి. పట్టాలు తయారుచేసే కర్మాగారాలు తమ పేరు, తయారైన ఏడు అలా అచ్చు వేస్తాయని తరువాత తెలిసింది. ఆ అక్షరాలను వేల పర్యాయాలు చూశాను. ఒక్కసారి కూడ కాగితంమీద వ్రాసుకోలేదు.

పదవీవిరమణకు కొన్నేళ్ళు ముందు, ప్రధానోపాధ్యాయుని స్థానంలో ఇన్‌ఛార్జిగా ఉండగా, బడికి కరెంటు గంట వచ్చింది. విరిగిన బల్లలు, తుప్పుపట్టిన బీరువా, చిల్లులుపడ్డ బకెట్లు చేర్చి పనికిరాని సామాను జాబితా ఒకటి తయారు చేశారు. అందులో ‘పాత ఇనుము – 1’ అని ఒక పద్దు. అది మా గంట అని తెలిసే సంతకం చేశాను. తూకానికి పోయింది. ఆ తప్పు మరెవరిదో కాదు, అచ్చంగా నాదే. ఈ టపా వ్రాయడానికి అదే కారణం.

గత చలికాలంలో దొనకొండ వెళ్ళివచ్చాను. నా పూర్వవిద్యార్థి ఒకడు గ్రానైటు పలకల వ్యాపారం చేస్తున్నాడు. దర్శి వైపు పని ఉందంటూ, ‘మాస్టారూ, మీరూ రండి, తోడుగా ఉంటారు’ అని తన కారులో ఎక్కించుకున్నాడు. అద్దంకి, దర్శి దాటాక, కొంచెం పడమరగా పోదాం నాయనా అన్నాను.

దొనకొండ అనగానే చాలమందికి 2014 గుర్తుకు వస్తుంది. రాష్ట్రవిభజన వేళ కొత్త రాజధానికి తగిన చోటని ఆ పేరు కొంతకాలం వినిపించింది. రెండవ ప్రపంచయుద్ధం నాటి విమానాశ్రయపు నేల అక్కడ ఉన్నదని పత్రికలు వ్రాశాయి. నాకు మాత్రం దొనకొండ అంటే మా మేనత్త. ఆ ప్రాంతపు పల్లెలో ఆమెను ఇచ్చారు. 1970 ప్రాంతాల మా నాయన వెంట నరసరావుపేటలో పొగబండి ఎక్కి వినుకొండ, కురిచేడు మీదుగా అక్కడ దిగేవాణ్ణి.

ఆ ప్రయాణంలో నాకు మిక్కిలి ఆశ్చర్యం కలిగించినది ఇంజను కాదు, వెదురుచట్రం. ఒంటిలైనుమీద ఎదురుబండి రాకుండా చేసిన ఏర్పాటు అది. రెండు ఠేషనుల మధ్య లైను ఖాళీగా ఉన్నదని గంటసంకేతాల ద్వారా మాట్లాడుకొన్నాకనే ఠేషనులోని యంత్రం నుంచి ఒక ఇనుపగోళం బయటపడుతుంది. దానిని తోలుసంచిలో పెట్టి, సంచిని వెదురుచట్రానికి తగిలించి డ్రైవరుకు అందిస్తారు. ఆ గోళం చేతిలో లేనిదే డ్రైవరు ముందుకు కదలరాదు. గోళాన్ని ఎదుటి ఠేషనులో అప్పగించినదాకా మరొక గోళం బయటికి రాదు. బండి ఆగకుండా పోతున్నప్పుడు ప్లాట్‌ఫారంమీద మనిషి ఒక చట్రాన్ని ఎత్తిపట్టడం, ఇంజనులోని మనిషి ఒడుపుగా చేయి దూర్చి అందుకోవడం పిల్లలకు గారడీవలె ఉండేది. ఎన్ని వందలమంది ప్రాణాలు ఆ తోలుసంచిలో ఉండేవో అప్పుడు తెలియదు.

దొనకొండలో ఇంజన్ల షెడ్డు ఉండేది. ఆవిరి ఇంజను పశువు వంటిది. దానికి మేత, నీరు, విశ్రాంతి కావాలి. కొంత దూరం నడిచాక బూడిద దులపాలి, బొగ్గు ఎత్తాలి, నీళ్ళు పట్టాలి, కీళ్ళకు నూనె వేయాలి. గుంటూరుకు, నంద్యాలకు నడుమ ఉన్న దొనకొండ అందుకు అనుకూలమైన మజిలీ. షెడ్డు వెంట డ్రైవర్లు, ఫైర్‌మెన్లు, ఫిట్టర్లు, ఖలాసీలు వచ్చారు. వారికి క్వార్టర్లు, ఆసుపత్రి, బడి, ఆంగ్లో ఇండియను కుటుంబాలకు ప్రార్థనామందిరం వెలసినవి. చుట్టూ మెట్టపొలాల నడుమ ఇంజను కోసం పుట్టిన పట్టణం అది. 1992లో రైల్వేవారు దేశమంతటా ఒకే గేజి ఉండాలని తలపెట్టిన పథకం కింద ఆ దశాబ్దంలో ఈ లైను పెద్దలైనుగా మారింది. డీజిలు ఇంజనుకు దొనకొండలో దాహం వేయదు. బండ్లు మునుపటికంటె వేగంగా నడిచినవి. పట్టణం మాత్రం వెనుకబడింది.

మేము వెళ్ళినప్పుడు కొన్ని క్వార్టర్ల గుమ్మాలకు తలుపులు లేవు. గోడ పగుళ్ళలో రావిమొక్కలు మొలిచి ఉన్నవి. నేను ఫోటోలు తీస్తూంటే మా అబ్బాయి కొంచెంసేపు ఓపికపట్టి అడిగాడు.

‘మాస్టారూ, దీనికోసమా ఇంతదూరం వచ్చాం? తెల్లవాళ్ళు వాళ్ళ అవసరానికి కట్టుకున్నారు. అవసరం తీరింది, పోయారు. ఇది తీసేసి మంచి బిల్డింగు కడితే ప్రయాణీకులకు సుఖం గదండీ?’

అందులో నేను వెంటనే కాదనగలిగినది ఏమీ లేదు. ఇంటికి వచ్చాక చాలరోజులు ఆలోచించాను. ఈ క్రింది నాలుగు మాటలు అతనికి నేను ఆలస్యంగా చెప్పుకొంటున్న సమాధానం.

ఈ లైను ఎందుకు పుట్టింది? సమాధానం రైలుతో మొదలు కాదు, కరువుతో మొదలౌతుంది. 1832–33లో, నందన నామ సంవత్సరాన, గుంటూరు సీమను కరువు కబళించింది. దానిని మన పెద్దలు డొక్కల కరువు అన్నారు. సుమారు ఐదులక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండులక్షలమంది నశించారని అంచనా. నాడు ఈ సీమలో రైలు లేదు, ఆనకట్ట లేదు, వానకాలంలో బండి నడిచే బాట లేదు. దానికి రెండేళ్ళ ముందు, 1830లో, ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి అహోబిలం, శ్రీశైలం మీదుగా పల్లకిలో సాగారు. బోయీలను పెట్టుకోగలిగినవారికే నల్లమల దాటడం అంత ప్రయాస అయితే, ధాన్యపు బస్తాలు దాటడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. ఎద్దుబండిమీద దూరప్రయాణం చేసే ధాన్యంలో కొంత ఎడ్లకే సరిపోయేది.

కృష్ణమీద ఆనకట్ట 1855లో పూర్తయి డెల్టా పచ్చబడింది. కాని 1876లో, ధాత నామ సంవత్సరాన, వానలు మొగం చాటేసినవి. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు సీమలు మలమల మాడిపోయినవి. 1878 వరకు సాగిన ఆ కరువులో దక్షిణ, పశ్చిమ భారతాలలో యాభైలక్షలమందికి పైబడి చనిపోయారని చరిత్రకారుల అంచనా. అటుపిమ్మట ప్రభుత్వం నియమించిన కరువు కమిషను 1880లో నివేదిక ఇచ్చింది. కరువుప్రాంతాలకు తిండిగింజలు చేర్చడానికి ఐదువేల మైళ్ళ రైలుమార్గం త్వరగా వేయాలన్నది అందులోని సిఫారసులలో ఒకటి. ఇటువంటి లైన్ల నిర్మాణానికే 1882లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఏర్పడింది. కృష్ణాతీరాన్ని బళ్ళారితో కలుపుతూ గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, కంభం, గిద్దలూరు, నంద్యాల మీదుగా మన లైను వెలసినది ఆ కాలంలోనే. ఖర్చు తక్కువని మీటరుగేజిని ఎన్నుకున్నారు.

నల్లమలలో ఆ దారి వేసిన తీరు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. దిగువమెట్ట, గాజులపల్లెల మధ్య లోయమీద ఎత్తయిన ఉక్కువంతెన కట్టారు. అదే దొరబావి వంతెన. కొండను తొలిచి సొరంగం వేశారు. బొగద అంటే సొరంగమే. ఆ మాటే అక్కడి ఠేషనుకు పేరైంది. గేజి మార్చినప్పుడు కొత్తదారి పట్టడంతో దొరబావి వంతెనను విడిచిపెట్టారు.

అయితే ఇదంతా దొరల దయ అని నేననడం లేదు. రైలుదారికి రెండువైపులా పదును ఉంది. గింజను కరువుసీమకు తేగల బండి, ధర ఎక్కువ పలికేచోటికి అదే గింజను ఎత్తుకుపోనూగలదు. 1876 నాటికే మద్రాసు నుంచి కడప మీదుగా రాయచూరు దాకా రైలు నడుస్తున్నది. అయినా కొనే శక్తి లేనివాడి ఆకలిని ఆ బండి తీర్చలేకపోయింది. మన పత్తి రేవుకు చేరడానికీ, సైన్యం కదలడానికీ రైలు ఎంత ఉపయోగమో పాలకులకు బాగా తెలుసు. రైలువల్ల కరువులు పోయాయని చెప్పడం ఎంత అర్ధసత్యమో, రైలు కేవలం దోపిడికే వచ్చిందనడమూ అంతే అర్ధసత్యం. ఆ రెంటినీ ఒకేచోట నిలబడి ఆలోచించడానికి మనకొక స్థలం కావాలి. దొనకొండ ఠేషను అటువంటి స్థలం.

డొక్కల కరువులో పోయినవారికి మన ఊళ్ళలో స్మారకచిహ్నం ఎక్కడుంది? ధాత కరువుకు శిలాఫలకం ఎవరు వేశారు? నేను ముప్ఫైమూడేళ్ళు పాఠం చెప్పిన పిల్లలలో ఒక్కడైనా, తన తాతముత్తాతలు ఆ ఏడు ఎలా బ్రతికారని అడగలేదు. నేనూ చెప్పలేదు. ఈ లైనుమీద మిగిలిన పాతగోడలే మనకు ఆ కరువులు మిగిల్చిన కట్టడాలు. వాటిని తెల్లవారి వైభవంగా చూస్తే కూలగొట్టినా విచారం లేదు. కరువుకు సాక్ష్యంగా చూస్తే, సాక్షిని చంపుకోవడం తగదు.

దొనకొండలో ఒక సంగతి చెప్పడం మరచాను. కారెక్కబోతూ మా అబ్బాయి ఒక పాడుపడిన క్వార్టరు ముందు ఆగి, మెట్టురాయిమీద అరచేయి పెట్టి చూశాడు. రాళ్ళమీద బ్రతికేవాడు కదా, చేయి ఊరకుండదు. ‘ఇది మెషీన్ కోత కాదు మాస్టారూ. ఉలిదెబ్బలు. ఒక్కొక్క గంటు లెక్కపెట్టొచ్చు’ అన్నాడు. ఆ ఉలి పట్టినవాడు దొర కాడు. రాయి కొట్టినవారు, కట్టకు మట్టి మోసినవారు, అడవిలో జ్వరాలకు లోనైనవారు ఈ నేలమనుషులే. వారి పేర్లు ఏ ఫలకంమీదా లేవు. వారు చేసిన సంతకాలు ఆ గంట్లే.

ఇక, పాత ఠేషనును నిలబెట్టడం సాధ్యమా అన్న ప్రశ్న. సాధ్యమేనని చెప్పడానికి ఉదాహరణలున్నవి. దక్షిణభారతపు మొదటి రైలు 1856 జూలై 1న బయలుదేరిన రాయపురం ఠేషను మనవారు ఎందరో నివసించే మద్రాసులోనే ఉంది. చాలకాలం నిరాదరణకు గురైన ఆ భవనాన్ని 2005లో బాగుచేశారు. హర్యానాలో రేవాడీ ఇంజన్ల షెడ్డు 1893 నాటిది. ఆవిరియుగం ముగిసి మూతపడ్డ ఆ షెడ్డును 2002 డిసెంబరులో ప్రదర్శనశాలగా తెరిచారు. దొనకొండకు దగ్గరి పోలిక ఇదే. వేల్సుదేశంలో టాలిలిన్ అనే చిన్నలైను మూతపడే స్థితిలో ఉండగా, 1951లో స్వచ్ఛందసేవకులు దాని నడక చేపట్టారు. అది నేటికీ నడుస్తున్నది.

బాగుచేయడమంటే రంగు పూయడం కాదు. పాతగోడలు గానుగసున్నంతో కట్టినవి. సున్నపుగోడ తేమను పీల్చి మళ్ళీ వదులుతుంది. దానిమీద సిమెంటు మెత్తితే తేమ లోపలే చిక్కి, ఉప్పు పొంగి, ఇటుక పొడిగా రాలిపోతుంది. నిగనిగలాడే సిమెంటుపూత పాతగోడకు మేలు చేసినట్లే కనబడి చెరుపు చేస్తుంది. కాబట్టి మొదట పైకప్పు, తరువాత నీరుపోయే దారి, ఆపైన గోడలలో మొలిచిన రావివేళ్ళు, చివరన సున్నపుపని అన్నది సరియైన వరుస. అన్నిటికంటె ముందు కొలతలు తీసి, పటాలు గీసి, ఫోటోలు తీసి ఉంచుకోవాలి. రేపు గోడ పడిపోయినా లెక్క మిగులుతుంది.

ఈ మాటలకు ఇప్పుడు తొందర ఉంది. గుంటూరు–గుంతకల్లు మధ్య 401 కిలోమీటర్ల దారిని రెండులైన్లు చేయడానికి 2016–17లో మంజూరు దొరికింది. 2023లో ప్రకటించిన అమృత్ భారత్ ఠేషన్ల పథకం జాబితాలో దొనకొండ పేరు కూడ ఉంది. రెండూ మంచివే. ముసలివారు ఎక్కడానికి మెట్లు సులువుగా ఉండాలి, ఆడవారికి మరుగుదొడ్లు ఉండాలి, ఎండలో నీడ ఉండాలి. పాతగోడ కోసం ప్రయాణీకుడు ఎండలో నిలబడాలని ఏ బుద్ధిమంతుడూ అనడు. కాని డబ్బు లేనప్పుడు పాతకట్టడం నెమ్మదిగా శిథిలమౌతుంది. డబ్బు వచ్చినప్పుడు ఒక్కపూటలో పోతుంది. డబ్బు వచ్చినవేళే అడగాలి. మా చుట్టుపక్కల కోసిన గ్రానైటు పలకలు కొత్త ఠేషనుల నేలమీద నిగనిగలాడితే నాకూ సంతోషమే. అవి పాతమెట్టురాయి ప్రక్కన పరచుకోవచ్చు, దాని స్థానంలోనే పరచనక్కరలేదు.

నా కోరిక చిన్నది. పాతకట్టడాలలో గట్టిగా ఉన్న ఒక్క గదిని వాడుకలో ఉంచాలి. తాళం వేసిన గది త్వరగా పాడవుతుంది, మనుషులు మసలే గది నిలుస్తుంది. అక్కడ ఇనుపగోళాల యంత్రం, వెదురుచట్రం, చేతిదీపం వంటివి దొరికితే పెట్టాలి. గోడమీద తెలుగులో ఒక పలక ఉండాలి. అందులో నందన, ధాత సంవత్సరాల సంగతి, ఈ లైను ఎందుకు వచ్చిందో, ఎవరు రాళ్ళు కొట్టారో పది వాక్యాలలో చెప్పాలి. జిల్లాలు మారుతూ ఉంటవి. మా మార్టూరే గుంటూరు నుంచి 1970లో ప్రకాశానికి, 2022లో బాపట్లకు మారింది. ఠేషను బోర్డుమీది ఊరిపేరు వాటికంటె ఎక్కువకాలం నిలిచింది.

పలక వేయడం మన చేతిలో లేకపోవచ్చు. మరొక పని మన చేతిలోనే ఉంది. షెడ్డులో పనిచేసినవారిలో చిన్నవారికి కూడ ఇప్పుడు డెబ్భై దగ్గరపడ్డవి. ఇంజను చప్పుడునుబట్టి ఎక్కడ నూనె తక్కువైందో చెప్పినవారు, సిగ్నలు రెక్క వాలిన తీరునుబట్టి తీగ బిగువు పసిగట్టినవారు వారు. వారి మాటలు ఏ నిఘంటువులోనూ లేవు. తెలుగు పండితుడినైన నాకే ఆ పనిముట్లలో సగానికి తెలుగుపేర్లు తెలియవు, ఖలాసీలకు తెలుసు. వారి దగ్గర కూర్చొని వ్రాసుకోవడానికి అనుమతులు అక్కరలేదు, నిధులు అక్కరలేదు. వచ్చే నెల నుంచి నేను మొదలుపెడుతున్నాను. మా అబ్బాయి కారు పంపుతానన్నాడు.

చివరగా మీకొక మనవి. మీ ఊరి బడిలో, గుడిలో, పంచాయతీ ఆఫీసు ముందర ఇంకా పట్టాముక్క గంట వ్రేలాడుతూ ఉంటే, ఈసారి ఊరు వెళ్ళినప్పుడు దాని ప్రక్కకు వెళ్ళి తుప్పును గుడ్డతో తుడవండి. పొంగెత్తిన అక్షరాలు కనబడతవి. పేరు, సంవత్సరం వ్రాసుకోండి. ఆ ఇనుము ఏ కరువు తరువాత ఏ సముద్రం దాటి వచ్చిందో చెప్పే ఆధారం అదొక్కటే.

మా గంటమీద ఏ సంవత్సరం ఉండేదో, ఎంత తలచుకున్నా నాకు గుర్తుకు రావడం లేదు.

సెలవు.